లోనార్ గాజురాయి పోయిన సంగతి

గోదావరిఖని పోలీస్ స్టేషన్, 15-5-1974.

నా పేరు కొలుగూరి దేవసహాయం, తండ్రి మత్తయి. వయసు నలభై మూడు. ఇక్కడి బొగ్గు సర్వే క్యాంపులో స్టోర్ కీపర్‌గా పనిచేస్తున్నాను. సోమవారం గాజురాయి పోయిందని ఫిర్యాదు ఇచ్చింది నేనే.

ఆ రాయి మా పెద్దసారుది. మహారాష్ట్రలోని లోనార్ నుంచి తెచ్చారు. చింతగింజ కన్నా కొంచెం పెద్దది, నల్లగా మెరుస్తుంది. ఏనాడో అక్కడ ఉల్క పడితే, ఆ వేడికి నేల కరిగి గాజైందని శనివారం మాకందరికీ చూపించి చెప్పారు. డ్రిల్లింగ్ కూలీ సదయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని, "అంటే పిడుగురాయే గద సార్" అన్నాడు. ఆ సాయంత్రం సారు దాన్ని నా బల్ల మీద ఉంచి వెళ్లారు. సోమవారం పొద్దున చూస్తే లేదు.

ఫిర్యాదులో నేను ఎవరి పేరూ చెప్పలేదు. నిన్న కానిస్టేబుల్ ఆగయ్య వచ్చి అడగ్గానే సదయ్య ఒప్పుకున్నాడు. రాయి ఇంట్లో ఉందన్నాడు. ముగ్గురం కలిసి వెళ్లాం. గడపకు అడ్డంగా మంత్రసాని పూలమ్మ నిలబడింది. లోపల సదయ్య భార్య అనసూర్య నొప్పులు పడుతోంది.

"రాయి అనసూర్య పిడికిట్ల ఉన్నది. ఇప్పుడు గుంజుకుంటరా? ఇంతకుముందు ఇద్దరు పుట్టంగనే పోయిండ్రు. జర ఆగుండ్రి" అంది పూలమ్మ.

పిడుగురాయి పట్టుకుంటే కాన్పు సుఖంగా అవుతుందని వాళ్ల నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు లేవు. అది పిడుగు కాదు, కరిగిన మట్టి అని చెప్పబోయాను. లోపలి నుంచి కేక వినిపించింది.

ఆగయ్య టోపీ తీసి అరుగు మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. సదయ్య కూర్చోలేదు. నీళ్లు తెచ్చాడు. మళ్లీ నీళ్లు తెచ్చాడు. కాగు నిండి పొర్లుతున్నా తెస్తూనే ఉన్నాడు. మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగిన కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. సదయ్య బిందె దించకుండానే గోడవారన కూలబడ్డాడు.

ఆడపిల్ల. పూలమ్మ రాయిని కడిగి నాకిచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"అన్నా, నీ రాయి నీకు ముట్టిందా? ఆయనను ఇడిచిపెట్టుండ్రి" అని అనసూర్య లోపలి నుంచే అడిగింది.

ఆగయ్య సదయ్యను స్టేషన్‌కు తీసుకొచ్చాడు. రాయి చెక్కుచెదరలేదు. పెద్దసారుకు అప్పగించాను. ఆయనకూ కేసు అక్కర్లేదు.

సదయ్య నన్ను అడిగే తీసుకున్నాడా అని మీరు అడుగుతున్నారు. అవునంటే అతను ఇప్పుడే ఇంటికి పోతాడని నాకు తెలుసు. కానీ అబద్ధం చెప్పను. అతను అడగలేదు. అడిగినా నేను ఇచ్చేవాణ్ణి కాదు, నవ్వి పంపేవాణ్ణి. ఆ సంగతి అతనికి తెలుసు. ఈ మాట కూడా రాసి, అతన్ని వదిలిపెట్టండి.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఉన్నదంతా నిజం.

(సంతకం) కె. దేవసహాయం