నవ్వుకు వదిలిన చోటు

హలో… ఆ, నేనే బావా. ఎడిటింగ్ గదిలో ఉన్నా. ఇంకెక్కడ ఉంటాను?…

ఏమిటీ, భోజనం చేశానా? భలే అడిగావే! మా కామెడీ సినిమాకి ఒకటిన్నర స్టార్ ఇచ్చి, "ఎడిటర్ నిద్రపోయింది" అని పేపర్లో అచ్చేయించి, ఇప్పుడు నా భోజనం సంగతా?…

ఓహో. మరదలినని కూడా మొహమాటపడలేదా? నీ నిజాయితీ చల్లగుండ!…

ఆగాగు… సాగదీతా? ప్రతి జోకు తర్వాతా ఖాళీయా? అవును, ఖాళీయే. కావాలనే వదిలా. అక్కడ హాలంతా నవ్వుతుంది బావా! ఆ నవ్వు తగ్గకముందే తర్వాతి డైలాగ్ పడితే ఎవడికి వినపడుతుంది?…

నీకెలా తెలుస్తుంది? పొద్దున్నే ప్రెస్ షోలో నలుగురు విమర్శకులు తలో మూలా కూర్చుని, నవ్వితే కొంప మునుగుతుందన్నట్టు మూతులు బిగించుకుంటే…

జనానికేం తెలుసంటావా? టికెట్ల యాప్‌లో నాలుగున్నర స్టార్లు ఇచ్చిన ప్రేక్షకులంతా వెర్రివెంగళప్పలు, నువ్వొక్కడివే మేధావివి. ఒళ్ళు మండిపోతోంది బావా, నిజంగా…

మాట మార్చకు. నీ రివ్యూ చదివి మా నిర్మాతగారు ఆ ఖాళీలన్నీ ఇవాళే కోసిపారేయమన్నారు. కాదంటే తర్వాతి సినిమాకి ఇంకో ఎడిటర్‌ని చూసుకుంటారట…

నీ జాలి నాకొద్దు. ఒక్కటి చెప్పు. ఆదివారం అక్కతో మళ్ళీ చూశావట కదా, మామూలు హాల్లో, జనం మధ్య…

ఆ, అక్కే చెప్పింది. నవ్వావా, లేదా?…

కొంచెమా? ముందు సీటు మీద పడి నవ్వావట! కళ్ళు తుడుచుకున్నావట!…

ఏంటీ? గట్టిగా చెప్పు, వినపడలేదు…

ఆపుకోలేకపోయావు. సరే. మరి ఆ ఖాళీలు?… ఉన్నట్టే తెలియలేదా! అయితే అదే రెండు ముక్కలు రేపు పేపర్లో రాయి…

రాయవా?… పరువు పోతుందా? నా పొట్ట కొట్టినా ఫర్వాలేదు, నీ ఒకటిన్నర మాత్రం కదలకూడదు! సొంత మనిషివి కదా, నిజం రాస్తావని ఆశపడ్డా చూడు, నన్ననాలి…

అరవకు. ఏంటీ, మన మధ్యే ఉండాలా? అదెలా కుదురుతుంది బావా? నిర్మాతగారు నా పక్కనే కూర్చున్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది…

హలో?… బావా?…

పెట్టేశాడండీ. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ కోయమంటారు?