ఫ్యామిలీ స్టైల్ బేస్‌మెంట్

కెనడాలోని మిల్టన్‌లో ఒక టౌన్‌హౌస్ వంటిల్లు. నవంబరు నెల, ఉదయం తొమ్మిది కావస్తోంది. ఇంటి యజమాని విశ్వేశ్వరరావు, ఉద్యోగం కోసం వచ్చిన చంద్రకళ.

"ఎనిమిది మందికి ఒక అమ్మా? అంత దండగ ఎలా భరించారండీ ఆ మిషన్ వాళ్ళు?"

"అనాథ పిల్లలు కదండీ. మలావీలో మా హోమ్ అంతా అలాగే. ఒక ఇల్లు, ఒక అమ్మ, ఎనిమిది మంది పిల్లలు. హాస్టల్లా ఉండకూడదని."

"చూడండి చంద్రకళ గారూ, నావి మూడు టౌన్‌హౌస్‌లు. ముప్పై మూడు మంది స్టూడెంట్లు. అమ్మ మాత్రం ఒక్కరే. డ్రైవింగ్ వచ్చుగా?"

"వచ్చు. ఇంటికి పదకొండు మందంటే పక్కలెలా సరిపోతాయండీ?"

"ఆరు పరుపులు. సగం మంది రాత్రి వేర్‌హౌస్‌కి పోతారు, సగం మంది పగలు కాలేజీకి. పరుపు ఎప్పుడూ చల్లారదు. ఈ చలి దేశంలో అదీ ఒక సౌకర్యమే."

"మరి నేనేం చెయ్యాలి?"

"కనబడాలి. తొమ్మిదింటికి వీడియో కాల్ ఉంది. జనవరిలో వచ్చే పిల్లల తల్లిదండ్రులు. పక్క వీధివాడు 'హోమ్లీ ఫుడ్' అని యాడ్ పెట్టి నా పార్టీల్ని నలుగుర్ని లాగేశాడు. నేను 'ఫ్యామిలీ స్టైల్' అని పెట్టాను. ఫ్యామిలీ అన్నాక అమ్మ కనబడొద్దూ?"

"కనబడితే చాలా?"

"బొట్టు పెట్టుకుంటే ఇంకా అమ్మలా ఉండేవారు."

"మలావీలో బొట్టు లేకుండానే అమ్మనయ్యానండీ."

"సరే, సరే. మీ వీసా ఫిబ్రవరితో ఆఖరు. మీకు జాబ్ లెటర్ కావాలి, నాకు తొమ్మిదింటికి అమ్మ కావాలి. లెటర్ ప్రింట్ తీసి పెట్టాను. కాల్ అవగానే సంతకం. అక్కడ మీరేం చేసేవారో చెప్పండి, కాల్‌లో పనికొచ్చేవి చూద్దాం."

"సరుకుల గదికి తాళం వేసేవాళ్ళం కాదు. ఆకలేసిన పిల్లాడు అడక్కుండా తింటేనే అది ఇల్లు అనేవారు మా ఫాదర్."

"తాళం సంగతి ఎత్తకండి."

"జ్వరమొస్తే పక్కనే నేలమీద పడుకునేదాన్ని."

"అదీ వద్దు. అలవాటు పడతారు."

"పుట్టినరోజుకి కోడి కోసేవాళ్ళం."

"ఆఁ! పుట్టినరోజు. అది చెప్పండి. కోడి కాదు, పాయసం అనండి. ముప్పై మూడు మందికీ కలిపి ఒకేరోజు చేద్దాం, నెలాఖరున."

"ముప్పై మూడు మందీ నెలాఖరునే పుట్టారా? …అదిగో, కింది నుంచి ఎవరో అమ్మాయి వస్తోంది."

"బాబాయ్, కింద బేస్‌మెంట్‌లో ఆ హీటింగ్ ఫర్నేస్ రాత్రంతా మోగుతూనే ఉంది. ఒక్క నిమిషం నిద్ర లేదు. పైన గది ఖాళీయే కదా, పరీక్షలయ్యేదాకా…"

"ఏమని పిలవమన్నాను నిన్ను?"

"సారీ… అంకుల్."

"కిందికి వెళ్ళు. కాల్ అయ్యేదాకా పైకి రాకు."

"ఆగమ్మా. నీ పేరేంటి?"

"కావ్యశ్రీ అండీ."

"ఇందాక ఈయన్ని ఏమన్నావు?"

"నోరు జారిందండీ చంద్రకళ గారూ. పిల్లలు ఏదో ఒకటి పిలుస్తారు."

"అంకుల్ అని దారినపోయేవాణ్ణి కూడా పిలుస్తారు. బాబాయ్ అని నోరు ఊరికే జారదండీ. మీ నాన్నగారెవరమ్మా?"

"వీరభద్రరావు గారండీ. కోవిడ్‌లో… అమ్మా నాన్నా, ఒక్క వారంలోనే."

"ఈయన?"

"నాన్న తమ్ముడు."

"ఇందులో దాచేదేముందండీ? అన్న కూతురని తెలిస్తే మిగతా ముప్పై రెండు మందీ డిస్కౌంట్ అడుగుతారు. అందుకే రెంటూ అందరితో పాటే, పిలుపూ అందరితో పాటే."

"పైన ఖాళీ గది?"

"అది గెస్ట్ రూమ్."

"గెస్టులొస్తారా?"

"వస్తే?"

"మలావీలో పిల్లని చేర్చుకునే ముందు, దాని తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఊరూరా వెతికేవాళ్ళం. చిన్నాన్న దొరికాడంటే మాకు పండగే. ఒక సంతకం చేయించుకుని పిల్లని అప్పగించి వచ్చేవాళ్ళం."

"మంచి పద్ధతి. మీకో పిల్ల ఖర్చు మిగిలింది."

"ఈ అమ్మాయిని పైగదిలోకి మార్చండి. నేను ఉద్యోగంలో చేరతాను."

"ఉద్యోగం కావలసింది మీకు. షరతులు పెట్టేది నేను. అదిగో, మోగుతోంది. నవ్వండి. కావ్యా, నువ్వు కిందికి పో. …నమస్కారమండీ, నమస్కారం! వినబడుతోందా?"

"వినవడ్తున్నది సార్. నేను కొమరయ్య, కరీంనగర్ నుంచి. మిగిలినోళ్ళు గూడ మా ఇంట్లనే కూసున్నరు, అందరం సూస్తున్నం. మా సాయితేజ జనవరిల వస్తున్నడు. గామెనేనా అమ్మ?"

"ఈవిడేనండీ. పదమూడేళ్ళు ఆఫ్రికాలో అనాథ పిల్లల్ని పెంచారు."

"మావోడు అనాథ గాదు సార్."

"అయ్యయ్యో, అనుభవం చెబుతున్నానండీ. మా దగ్గర ప్రతి పిల్లాణ్ణీ సొంత బిడ్డలా చూస్తాం."

"అందరు గదే అంటరు సార్. అమ్మా, మీరు చెప్పుండ్రి. సారు నిజంగ సొంత బిడ్డ లెక్కనే సూస్తడా?"

"నేను ఇవాళే వచ్చానండీ, నాకు తెలియదు. కావ్యా, మెట్ల మీదే ఆగిపోయావేం, ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ఈ అమ్మాయి ఇక్కడే ఉంటోంది, తనని అడగండి."

"చంద్రకళ గారూ… మీ లెటర్…"

"టేబుల్ మీదే ఉండనివ్వండి."

"చెప్పు బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పు."

"నమస్తే అంకుల్. బాబాయ్ మాటంటే మాటే, సొంత బిడ్డలాగే చూస్తారు. నేను సొంత అన్న కూతుర్ని. ఫర్నేస్ పక్కన సగం పరుపు, పూర్తి రెంట్. మీ సాయితేజనీ అచ్చం ఇలాగే చూసుకుంటారు."