ఎద్దుకు పరీక్ష, మనిషికి ఫ్లెక్సీ

వర్తక సంఘం మండపానికి విచ్చేసిన పెద్దలకు, రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ కార్మిక మిత్రులకు, వ్యాయామశాల యువకులకు, ముందు వరుసలో కూర్చున్న సుంకులమ్మక్కకు నమస్కారం.

సుంకులమ్మక్క పెద్దకొడుకు ఓబుళేశు మన తిరునాళ్లలో కొత్త రాతి గుండు ఎత్తిన ఏకైక మనిషి. ఇరవై ఏడేళ్ల వయసులో, పదమూడు రోజుల కిందట చనిపోయాడు. ఈ ఆదివారం మళ్లీ తిరునాళ్ల. మళ్లీ అదే గుండు. పోటీదారుల జాబితాలో ఏడో పేరు అతని తమ్ముడు ఈరేష్‌ది. ఆ సంగతి మనసులో ఉంచుకొని నా మాటలు వినవలసిందిగా సభకు మనవి.

తిరునాళ్ల క్రీడా కమిటీ కార్యదర్శిగా నేను చదవవలసిన సంతాప తీర్మానం నా చేతిలో ఉంది. అధ్యక్షులు కేశవయ్యగారు ఆమోదించినదే. అందులో "ఆకస్మిక గుండెపోటుతో" అని రాసి ఉంది. మిత్రులారా, గుండెపోటు అన్న మాటతో నాకు పేచీ లేదు. నా పేచీ "ఆకస్మిక" అన్న మాటతోనే. రెండేళ్లకు పైగా పట్టిన పనిని ఆకస్మికం అనవచ్చునా? ఒక కమిటీ నాలుగు సమావేశాలు జరిపి, ఏకగ్రీవంగా సాధించినదాన్ని ఆకస్మికం అంటే, కమిటీ కృషిని తక్కువ చేసినట్టు కాదా?

కృషి ఏమిటో మనవి చేస్తాను.

మన పాత గుండు నూట పది కిలోలు. మీ తాతలు ఎత్తారు, మీ తండ్రులు ఎత్తారు. ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేసినవాడికి ఎర్ర రుమాలు చుట్టేవాళ్లం. ఏటా ముగ్గురో నలుగురో ఎత్తేవారు. అదే లోపమని కమిటీ గుర్తించింది. నలుగురు ఎత్తే గుండును ఎవరు వీడియో తీస్తారు? మూడేళ్ల కిందట నూట యాభై కిలోల గుండు చెక్కించాం. ఆ ఏడు ఒక్కరూ ఎత్తలేదు. జనం మాత్రం రెట్టింపు వచ్చారు. ఆ తీర్మానం కింద మొదటి సంతకం నాది.

ఆ ఏడు ఓడిపోయినవారిలో ఓబుళేశు ఉన్నాడు. పాత గుండును వరుసగా నాలుగేళ్లు ఎత్తినవాడు, కొత్తదాన్ని మోకాలి దాకా తెచ్చి వదిలేశాడు. జనంలో ఎవరో "ఏమప్పా, మీ యమ్మ సంగటి తక్కువ పెట్టినాదా?" అని అరిచారు. అందరూ నవ్వారు. నేను మైకు పట్టుకొని నవ్వాను. మైకులో నవ్విన నవ్వు నాలుగు వీధులకు వినబడుతుంది.

ఆ తర్వాత నెలకే ఓబుళేశు సూది మందు మొదలుపెట్టాడు. అనబాలిక్ స్టెరాయిడ్. చిన్న గాజు సీసాలో నూనెలా ఉంటుంది. సభలో నిష్పాక్షికత పాటించాలి గనుక ముందు లాభాలు చెబుతాను. కొద్ది నెలల్లో పద్నాలుగు కిలోల ఒళ్లు పెరిగింది. పాత చొక్కాలన్నీ తమ్ముడికి పోయాయి. ఫ్యాక్టరీలో ఇద్దరు మోసే బండను ఒక్కడే మోశాడు. మరుసటి తిరునాళ్లలో నూట యాభై కిలోల గుండును భుజం దాటించాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మందు పనిచేయదని చెప్పే పెద్దల్ని, యువకులారా, మీరు నమ్మకండి. పనిచేస్తుంది. ఒంట్లో పురుష హార్మోను సరిగా ఊరనివారికి డాక్టర్లు రక్తం పరీక్షించి, కొలిచి ఇచ్చే మందే అది. ఓబుళేశుకు కొలిచి ఇచ్చినవాడు లేడు. గుండును మాత్రం మేము గ్రాముతో సహా తూచాం.

ఇక పోయిన ఏడు సంగతి. మన బండలాగుడు పోటీకి వచ్చే ప్రతి ఎద్దునూ పశువైద్యుడు చూస్తాడు. సూది గుర్తులున్నాయా, కళ్లు ఎర్రబడ్డాయా, నిలబడి ఉండగానే రొప్పుతోందా? అనుమానం వస్తే ఆ జతను వెనక్కి పంపిస్తాం. మన కమిటీ అంత కఠినమైనది. ఆ పరీక్ష జరుగుతుండగా ఓబుళేశు నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు: "ఎద్దులకు సూది ఏసినారేమోనని ఇంత చూస్తాండారే, మాకు చూడరా సార్?" నేను చమత్కారినని నాకు పేరు. "నీకు తోక ఉంటే చూస్తాం లేప్పా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. అతను అడిగింది హాస్యం కాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఎద్దుల దగ్గరికి నడిచాను.

మూడో సంగతి చెప్పకుండా దిగిపోదామని ఇంటి దగ్గర అనుకున్నాను. రెండు నెలల కిందట ఓబుళేశు కడప ఆస్పత్రి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. నాలుగు మెట్లెక్కి అరుగు మీద కూలబడ్డాడు. గుండె గోడ దళసరెక్కిందని, రక్తపోటు మితిమీరిందని, కాలేయం దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడట. ఒళ్లు తన హార్మోను తాను చేసుకోవడం మానేసిందని, పిల్లలు పుట్టడం కూడా అనుమానమని చెప్పాడట. చీటికిమాటికి కోపం వస్తోందని, ముందురోజు తమ్ముడి మీద చెయ్యెత్తానని చెప్పి, ఆ చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడన్నాడు: "మానేస్తే గుండు లేయదు సార్. మానకుంటే నేనే లేయనంట."

దానికి నేను ఇచ్చిన జవాబు సభ రికార్డులో ఉండాలి. "ఈ యేడు ఒక్కటీ కానీప్పా, ఫ్లెక్సీ కూడా ఏయించేసినాం" అన్నాను.

నా వెనక చూడండి. అదే ఫ్లెక్సీ. ఎర్ర రుమాలు, భుజం మీద గుండు. "మొనగాడు" అన్న అక్షరాల మీద తెల్ల కాగితం అంటించి, కింద "అశ్రునివాళి" అని చేర్చాం.

సుంకులమ్మక్కా, ఇక నీతో మాట్లాడాలి. నిన్న మీ ఇంటికి వచ్చాను. ఓబుళేశు అటక మీద దాచిన అట్టపెట్టెను కర్మలు ముగిసినాక నువ్వు చిన్నోడికి ఇచ్చినట్టు చెప్పావు. "వాళ్లన్న బలమంతా దాంట్లోనే ఉండాది గదప్పా, పారేసేకి చేతులు రాలేదు" అన్నావు. ప్రేమతో ఇచ్చావు. అది ఏమిటో నీకు చెప్పినవాడు లేడు. తెలిసినవాణ్ని నేను నీ ఎదురుగా కూర్చొని, నీ చేతి మజ్జిగ తాగి, నోరు తెరవకుండా వచ్చేశాను. ఇప్పుడు చెబుతున్నానక్కా. నీ పెద్దకొడుకును తీసుకుపోయింది ఆ పెట్టెలోని సూది మందే. తప్పు నీది కాదు. గుండు బరువు నీకు తెలియదు. నాకు తెలుసు.

కేశవయ్యగారూ, మీరు నా వైపు చూస్తున్నారు, గమనించాను. కార్యదర్శి అధికారంతో రెండు నిర్ణయాలు ప్రకటిస్తున్నాను. ఆదివారం బరిలో ఉండేది పాత గుండు. ముందు పోటీదారులకు మనుషుల డాక్టరు పరీక్ష, ఆ తర్వాతే ఎద్దులకు పరీక్ష. ఈ నిర్ణయాలు చెల్లవంటే నా రాజీనామా ఈ కాగితం వెనకే రాసి ఉంది.

ఈరేష్, నీ సంచి నీ కాళ్ల దగ్గరే ఉంది. మీ అన్న పెట్టె అందులోనే ఉందని, సభ ముగియగానే దాంతో వ్యాయామశాలకు పోతావని ఆ దారి ఎరిగినవారందరికీ తెలుసు. నేను నీ దగ్గరికి రాను. లాక్కోను. మైకు పక్కన ఈ బల్ల ఖాళీగా ఉంది. ఆ పెట్టెను దాని మీద పెట్టి నాతో కడప రా, మీ అన్నను చూసిన డాక్టరే నిన్నూ చూస్తాడు.

సభికులారా, ఎద్దులకు నోరు లేదు గనుక వాటి తరఫున మనం మాట్లాడాం. నోరున్న మనిషి వచ్చి అడిగితే మౌనం పాటించాం. మౌనం మనకు కొత్త కాదు. ఇంతకాలం కూర్చొని పాటించాం, ఈసారి నిలబడి పాటిద్దాం. రెండు నిమిషాలని కాగితంలో ఉంది. గడియారం చూడకండి. ఈ బల్లను చూడండి. దాని మీదికి ఆ పెట్టె వచ్చేదాకా ఎవరూ కూర్చోవద్దు.

సుంకులమ్మక్కా, నువ్వు కూర్చో.

మిగతావాళ్లమందరం లేద్దాం.