ఒక్క కుదుపు లేదు

కాణిపాకంలో పూజ చేయించుకుని, చిత్తూరు మీదుగా మొగిలి ఘాటు వైపు పోతున్న కొత్త కారు. స్టీరింగ్ దగ్గర గిరిప్రసాద్, పక్కన భార్య రేవతి, వెనక సీట్లో ఆమె తల్లి దేవకమ్మ. గుడి దగ్గర మొదలైన గిరిప్రసాద్ నోరు ఇంతవరకూ ఆగలేదు.

"అది కాదు రేవతీ, నువ్వే చెప్పు. మన ఎనక ఒక ఇల్లు వస్తా ఉండాది. ఇల్లు! మంచం, గ్యాస్ పొయ్యి, బీరువా, నీళ్ల ట్యాంకు. అంత బరువు లాగతా ఉండామని నీకు తెలస్తా ఉండాదా?"

"లేదు బావా."

"నాకూ తెలీడం లేదు! అత్తా, నీకు?"

"నాకు నా నడుము నొప్పే తెలస్తా ఉండాది. మెల్లగా పో గిరీ."

"మెల్లగానే పోతా ఉండాలే. మామ ఏమన్నాడు? ఇది నడిమి రకం బండి, పెద్దదీ కాదు చిన్నదీ కాదు, ట్రాక్టరు లాగాల్సిన దాన్ని తెచ్చి కారుకు కట్టినావు, మొగిలి ఘాటులో దీని నడుము ఇరుగుతాది అన్నాడా, లేదా?"

"నీ ముందర అంతే అన్నాడు. ఇంట్లో ఇంకా జాస్తి అన్నాడు."

"ఏమన్నాడు?"

"ఇప్పుడెందుకు లే."

"చెప్పత్తా, నేనేమీ అనుకోను."

"మీ తమ్ముని కొడుకని పిల్లనిస్తే, డబ్బాకు చక్రాలు కట్టి తెచ్చినాడు అన్నాడు."

"డబ్బా అంట! విన్నావా రేవతీ? నాలుగు నెలలు రేణిగుంట షెడ్డులో కూర్చుని దగ్గరుండి చేయించినా. ఒక్కసారన్నా లోపలికి తొంగి చూసినాడా మీ నాయన?"

"తలుపు కాడికే రాలా."

"ఆయన పరుపే ఎత్తుకొచ్చి పరిచినా. బూరుగు దూది పరుపు. ఆయన దిండు, ఆయన దుప్పటి. కిటికీలకు మందంగా తెరలు."

"అందుకే పొద్దన్నుంచీ కోపం గిరీ. నేనే ఐరాల దాటి యాడా పండుకోలా, నా పరుపును ఊర్లు తిప్పుతారా అని."

"అమ్మా, నిజంగా పెండ్లి రోజు కూడా నాయన మీ ఇంట్లో పండుకోలేదా?"

"లేదు. తాళి కట్టినాడు, భోంచేసినాడు, పొద్దుగూకక ముందే బండి కట్టించి నన్ను ఐరాలకు పిలుచుకొచ్చేసినాడు. వేరే మంచం మీద కన్ను మూతపడదంట. మీ అవ్వ ఏడ్సింది పాపం."

"అందుకేనా నువ్వు సముద్రం చూడలా?"

"ఇంకెందుకు? నగరిలో మా అక్క ఉండాది. ఆడ పొద్దన రైలెక్కితే ఎండ ఎక్కే లోపల మద్రాసు. పోదామా అంటే, తిరుగు రైలు తప్పిపోతే రాత్రికి యాడ పండుకోవాల అంటాడు. రైలు తప్పుతాదని ముందే ఎట్ల తెలుసో ఆయనకు!"

"పెద్దమ్మతో నువ్వొక్కదానివే పోవచ్చు గదా?"

"పోవచ్చు. శానాసార్లు పిలిచింది. ఆయన్ను ఇంట్లో ఇడిచిపెట్టి నేను పోయి అలలు చూస్తే నాకేం బాగుంటాది? ఇద్దరం పక్కపక్కన నిలబడి చూడాలని ఆశ. అంతే. అది తప్ప ఇంకేమీ అడగలా నేను ఆయన్ను."

"చూస్తావత్తా. ఎల్లుండికి కన్యాకుమారిలో ఉంటావు. మామ మాట మాటే గదా?"

"మాటంటే మాటే. ఘాటు పైన టీ అంగడి కాడ నిలబడి ఉంటా, నా కండ్లతో చూస్తా, డబ్బాతో సహా పైకొస్తే కన్యాకుమారికి వస్తా అన్నాడు. లేకపోతే ఇంక మన ఇంట్లో సముద్రం అనే మాట వినపడకూడదు అన్నాడు. అందుకే నాకు దడగా ఉండాది గిరీ. ఈ ఒక్క ఘాటు ఎక్కించు, నీకు పుణ్యముంటాది."

"ఎక్కతాది లే అమ్మా. ఇంతకీ నాయన బస్సెక్కినాడా?"

"ఎక్కే ఉంటాడు. అన్నప్రసాదం తిని, పంతులు రాకముందే గొణుక్కుంటా బస్టాండు దిక్కు పోయినాడు. ఈ కారు ఎక్కను, మధ్యలో నిలిచిపోతే దిగి నెట్టే వయసు కాదు నాది అని."

"ఇదిగో స్పీడు బ్రేకరు. అత్తా, గట్టిగా పట్టుకో. మనం దిగినాము... ఇంకా ఉండాది, ఇంకా ఉండాది, డబ్బా చక్రాలు దిగాల... ఆ, దిగినాయి! తెలిసిందా?"

"తెలీలా బావా."

"అదీ పనితనమంటే! బరువు అంతా కొక్కెం దిక్కు సర్దినా గదా. బరువు ఎనక్కి పడితే డబ్బా తోక ఊపుతాది. ముందరికి పడితే దొరబాబు మాదిరి వస్తాది. అత్తా, నువ్వు పెట్టిన బియ్యం మూట, గ్రైండరు, ఆ ఊరగాయ జాడీలు, అవే మనల్ని కాపాడతా ఉండాయి."

"జాడీలు పగలవు గదా?"

"ఒక్కటి పగిలితే చెవి కోయించుకుంటా."

"బావా, ఎనక లారీ వాడు హారన్ కొడతా ఉండాడు."

"కొట్టనీ. వాడికి మన పొడవు చూస్తే భయం. నేను మలుపు వెడల్పుగా తిప్పాల, లేకపోతే డబ్బా మిట్ట ఎక్కుతాది. వాణ్ణి ఆగమను."

"ఏందో తిడతా పోయినాడు."

"కుళ్లు!"

"అద్దంలో ఒకసారి చూడరాదా బావా?"

"ఏం చూసేది? అద్దాలకు మీ అమ్మ దండలు చుట్టింది. ఎనక గాజుకు అరటి పిలకలు కట్టింది. కెమెరా కంటికి పంతులు గంధం పూసినాడు. నాకు ముందర రోడ్డు కనపడతా ఉండాదంటే అదే గొప్ప."

"పూజ దండలు తీయకూడదు గిరీ. వాటంతట అవి రాలాల."

"తీయడం లేదు గదత్తా. పంతులు చెప్పినట్టే అన్నీ చేసినాం. రెండు నెంబరు ప్లేట్లు ఉండాయి కాబట్టి ఇవి రెండు బండ్లు, పూజలు విడివిడిగా చేయాల్సిందే అన్నాడు, సరే అన్నా. నిమ్మకాయలు తొక్కినాక బండి ముందరికే పోవాల, ఒక్క జానెడు కూడా ఎనక్కి పోకూడదు అన్నాడు. పోయినానా?"

"లేదు. ఒకే ఊపున రోడ్డెక్కేసినావు. నేనే గదా అరిచింది, రాహుకాలం వస్తా ఉండాది, పద పద అని."

"మంచి పని చేసినావత్తా. లేకపోతే ఇంకా ఆడే ఉందుము."

"బావా, టోలుగేటు."

"పోదాం పద. తీసుకున్నాడా?"

"మెసేజ్ వచ్చింది. కారుకే కొట్టినాడు బావా. ట్రైలరుకు కొట్టలా."

"వినాయకుని దయ. మాట్లాడొద్దు, అద్దం ఎత్తు."

"ఘాటు మొదలైంది గిరీ. నాకు కండ్లు మూసుకుపోతా ఉండాయి."

"మూసుకోవద్దత్తా. చూడు. సెకండు గేరు కూడా వేయలా నేను! మూడులోనే ఎక్కతా ఉండాది! ఆ కంటెయినరు చూడు, ఎట్ల ఏడస్తా ఉండాదో. దాన్ని దాటుకుని పోతా ఉండాం, ఎనక ఇల్లు పెట్టుకుని! మామా, యాడుండావు మామా, వచ్చి చూడు!"

"అబ్బా, అరవొద్దు బావా."

"అరుస్తా. ఆరు నెలలుగా మాట పడినా. ఈ రోజు అరుస్తా. ఇదే ఆఖరు మలుపు. అత్తా, పైకొచ్చేసినాం. చెప్పు, ఏం చూస్తావు ఎల్లుండి?"

"సముద్రం."

"గట్టిగా!"

"సముద్రం నాయనా, సముద్రం! నా కండ్లల్లో నీళ్లు వస్తా ఉండాయి గిరీ. నిజంగా చూస్తానా నేను?"

"ఇదిగో టీ అంగడి. నిలపతా ఉండా. మామ యాడ? కనపడ్డం లేదే."

"బస్సు ఇంకా రాలేదేమో."

"అయితే ఇంకా మేలు. రేవతీ, దిగి ఒక ఫోటో తీయి. ముందర కారు, ఎనక డబ్బా, ఆ పక్కన ఘాటు బోర్డు, అన్నీ ఒకే ఫోటోలో పడాల. నేను ఈడ కిటికీలోంచి చెయ్యి ఊపుతా."

"సరే... బావా."

"పడిందా?"

"లేదు."

"మొత్తం పడకపోతే ఎనక్కి పో. ఇంకా ఎనక్కి పో."

"శానా ఎనక్కి పోవాల బావా. కాణిపాకం దాకా పోవాల."

"ఏందా మాట?"

"నువ్వే దిగి చూడు."

"ఉండు, వస్తా ఉండా... ఓరి నాయనో!"

"ఏమైంది గిరీ? గీసుకునిందా?"

"లేదత్తా."

"మరేంది? జాడీలు పగిలినాయా?"

"జాడీలు కాదత్తా. ఇల్లే లేదు."

"లేదంటే? యాడన్నా పడిపోయిందా?"

"పడిపోలా. తగిలించనే లేదు! విడివిడిగా పూజ అని కొక్కెం ఇప్పినాం గదా. మల్లా తగిలించాలంటే కారు ఎనక్కి పోవాల. పంతులు ఎనక్కి పోకూడదన్నాడు. సరే, ముందరికే పోయి ఒక చుట్టు తిరిగొచ్చి, డబ్బా ముందర కారు నిలిపి, మనుషుల్తో దాన్నే నెట్టించి తగిలిద్దామనుకున్నా."

"చుట్టు తిరగలా నువ్వు?"

"రాహుకాలం, రాహుకాలం అని మీ అమ్మ అరుస్తా ఉంటే నేరుగా రోడ్డెక్కేసినా!"

"అంటే తప్పు నాదా గిరీ?"

"నీది కాదత్తా. అందరిదీ."

"మరి స్పీడు బ్రేకరు కాడ డబ్బా చక్రాలు దిగినాయంటివి బావా?"

"దిగినట్టే అనిపించింది."

"టోలు వాడికి తెలిసింది, మనకు తెలీలా. మూడో గేరంట, పనితనమంట!"

"నన్ను ఏడిపించొద్దు రేవతీ. మామ బస్సు దిగే లోపల పోయి తెచ్చుకుందాం, ఎక్కండి, ఎక్కండి."

"యాడ తెస్తావు గిరీ? పోయి మల్లా వచ్చే తలికి సాయంత్రం అవుతాది. ఆయన ఇప్పుడో ఇంకాసేపటికో దిగతాడు. ఉత్త కారు చూస్తాడు. నవ్వతాడు. అంతే. పోనీ లే నాయనా, నువ్వు నాకోసం శానా కష్టపడినావు. నాకు ఆ నీళ్లు రాసి పెట్టలా."

"అట్లనొద్దత్తా, నాకు ఏడుపొస్తాది."

"బావా, ఫోను. నాయన!"

"దేవుడా. ఎత్తొద్దు. లేదు, ఎత్తు. స్పీకరులో పెట్టు. డబ్బా సంగతి ఎవురూ చెప్పొద్దు. హలో మామా! యాడుండావు? మేము ఘాటు పైనే ఉండాం."

"ఎక్కేసినామా! అప్పుడేనా!"

"ఎక్కేసినామా ఏంది మామా? నువ్వు యాడుండావు?"

"ముందు తిట్టనని చెప్పు అల్లుడా."

"తిట్టను మామా."

"నేను బస్సెక్కలా. బస్టాండు దాకా పోయి, ఎండ జాస్తిగా ఉంటే తిరిగొచ్చినా. మీరు పంతుల్ని పిలవను పోయినారు. ఆ డబ్బా ఎట్లుండాదో చూస్తామని లోపలికి ఎక్కినా. నా పరుపు కనపడింది. అన్నప్రసాదం కడుపు నిండా తినుంటి గదా, రవంత నడుము వాల్చినా."

"మామా... అంటే నువ్వు ఇప్పుడు..."

"పోయేటప్పుడు లోపల మనిషి ఉండకూడదని నువ్వు చెప్పినావు, నా తప్పే. కండ్లు మూసినా, ఇదో ఇప్పుడే తెరిచినా. అబ్బబ్బబ్బా, ఒక్క కుదుపు లేదు గదప్పా! ఒక్క కుదుపు! ఘాటు మలుపుల్లో నా దిండు కూడా కదల్లేదు. ఐరాలలో నా ఇంట్లో కూడా ఇంత బాగా నిద్ర పట్టలా నాకు. ఇంతకాలం డబ్బా డబ్బా అని నిన్ను ఏడిపించినా, మనసులో పెట్టుకోవద్దు. నీ బండికి దండం, నీకు దండం."

"నాయనా, ఒక్క నిమిషం..."

"నువ్వుండు రేవతీ, చెప్పనీ. మీ అమ్మకు చెప్పు. కన్యాకుమారి కాదు, దాన్ని దాటి ఇంకా ముందర ఏముంటే ఆడికి పోదాం."

"దాని ముందర ఇంకేమీ లేదు నాయనా. సముద్రమే."

"ఆ సముద్రానికే పోదాం. మీ అమ్మ పక్కన నిలబడి నేనూ చూస్తా. ఏందప్పా ఎవురూ మాట్లాడరు? ఇదేంది, గంటలు వినపడతా ఉండాయి. టెంకాయలు కొడతా ఉండారు ఎవురో. ఘాటు పైన గుడి ఉండాదా? ఉండు, తెర తీసి చూస్తా."

"తీయొద్దు! నేనే, రేవతి వాళ్లమ్మను మాట్లాడేది. తెర తీయొద్దు, తలుపు తీయొద్దు, మల్లా కండ్లు మూసుకుని పండుకో. ఇంకా మనం ఘాటు దిగాల!"