మూడో పాఠం దాటని దెలిసా

ఫిలిప్పీన్స్‌లోని కవీతే ఎగుమతి మండలంలో కారు తలుపుల గొళ్లాలు తయారు చేసే ఫ్యాక్టరీ. మధ్యాహ్నం మెరియెండా, అంటే చిరుతిండి విరామం అయిపోవస్తోంది. క్యాంటీన్ మూల కంపెనీ ట్యాబ్ దగ్గర ఇద్దరే మిగిలారు. ఒకరు రేకులు నొక్కే ప్రెస్ యంత్రం మీద పనిచేసే దెలిసా, ఇంకొకరు ఆమె లైన్ సూపర్‌వైజర్ నెస్తోర్. ఆమె కొడుకు బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడింది నెస్తోరే కాబట్టి, ఆమె అతన్ని ‘పారే’ అంటుంది, అతను ఆమెను ‘మారే’ అంటాడు. ట్యాబ్‌లోంచి ఒక తీయని ఆడగొంతు పాఠాలు చెబుతుంది.

"...అదే, నేను చెప్పేదీ అదే. ‘ఉంది’ అని ఒక్కసారి నొక్కు. వేలు పెట్టు, తీసెయ్. అంతే."

"లేదు కదా."

"ఏది లేదు?"

"గార్డు. ప్రెస్ ముందు ఉండాల్సిన ఇనప జాలీ. లేనిదాన్ని ఉందని ఎలా నొక్కను పారే?"

"అది పాఠంలో ప్రశ్న మారే. నిన్నెవరూ కోర్టుకి తీసుకెళ్లి బైబిల్ మీద చెయ్యి పెట్టించడం లేదు."

"ఇంకోసారి వినిపించు."

"ఎన్నిసార్లు వింటావ్?"

"వినిపించు."

"మూడో పాఠం. మీ యంత్రానికి రక్షణ గార్డు బిగించి ఉందా? ఉంటే ఆకుపచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు నొక్కండి."

"విన్నావా? మీ యంత్రానికి అంది. పక్క ఊరి యంత్రానికి అనలేదు. నాది ఆరో నంబరు ప్రెస్. దానికి లేదు. ఇదిగో, ఎరుపు."

"నొక్కకు, నొక్క..."

"ధన్యవాదాలు, ఫ్లోర్దెలిసా. గార్డు బిగించాక మళ్లీ రండి. అప్పటిదాకా తర్వాతి పాఠం తెరుచుకోదు."

"చూడు ఎంత మర్యాదో. ఈ ఫ్యాక్టరీలో నా పేరు పూర్తిగా పలికేది ఇదొక్కతే."

"నవ్వులాట కాదు. గోడ మీద చార్టు చూడు. లైన్లో అందరి పేర్లకీ పచ్చ రంగు. నీ ఒక్కదానిదే మూడు దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. రేపు కొనేవాళ్ల తరఫు మనుషులొస్తున్నారు. మా దగ్గర నూటికి నూరు మందికీ శిక్షణ అయిందని చూపించాలి వాళ్లకి."

"చూపించండి. నేనొద్దన్నానా?"

"నువ్వు తగ్గితే నూరు ఎట్లా అవుద్ది?"

"నా ఒక్కదాని కోసం ఆర్డరు ఆపేస్తారా? అంత గొప్పదాన్నని తెలీక ఇన్నాళ్లూ జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోకుండా వచ్చా."

"మారే, నీ కాంట్రాక్టు ఇవాళ్టితో ఆఖరు."

"అయిదు నెలలకోసారి నాకు ఆఖరే. కొత్తేం కాదు."

"ఈసారి కొత్తే. సాయంత్రం లోపు పాఠాలు పూర్తి చెయ్యనివాళ్లకి మళ్లీ కాంట్రాక్టు లేదు. ఇంజనీర్ తోలెంతినో తన నోటితో అన్నాడు. నేను కల్పించి చెప్పడం లేదు."

"ఆయన నోటితో చాలా అంటాడు. పోయినేడు ఫ్యాన్లు పెట్టిస్తానని కూడా అన్నాడు."

"జోమార్‌ని బాప్తిస్మం రోజు పట్టుకున్నది ఈ చేతులే. వాడి తల్లి పని పోతే నాకు బాధ ఉండదా?"

"వాడి తల్లి వేళ్లు పోతే?"

"ఛ. మంచి మాటే రాదు నీ నోట."

"జొవెలిన్ గ్లవ్ సంగతి మర్చిపోయావా?"

"ఏ గ్లవ్?"

"ఏ గ్లవ్ అంటాడు. నేను దిగాక నా ప్రెస్ మీద కూర్చునే పిల్ల. పోయిన వారం గ్లవ్ కొస తెగి పడితే నువ్వే కదా పరిగెత్తుకొచ్చింది."

"గ్లవ్ తెగింది. వేలు తెగలేదు."

"ఎందుకు తెగలేదు? చవగ్గా వస్తున్నాయని అందరికీ మగవాళ్ల సైజు కొన్నారు కాబట్టి. కొసలు ఖాళీగా వేలాడుతుంటాయి. కంపెనీ పిసినారితనం పుణ్యమా అని ఆ పిల్లకి వేలు మిగిలింది."

"గార్డు పెడితే చెయ్యి దగ్గరికెళ్లినప్పుడల్లా ప్రెస్ ఆగుద్ది. ఆగితే సరుకు అందదు. అందుకే తీశారు. అదీ తాత్కాలికంగా."

"తాత్కాలికమా? ఎండాకాలంలో, ఈస్టర్ పవిత్ర వారానికి ముందు తీశారు. ఇప్పుడు క్రిస్మస్ పాటలు పెడుతున్నారు."

"క్రిస్మస్ పాటలు సెప్టెంబరు రాగానే పెట్టేస్తాం మనం. అదొక లెక్కా?"

"నువ్వే లెక్క వేసుకో మరి."

"సరే, ఒక పని చేద్దాం. నిన్ను ప్యాకింగ్‌కి మార్చేస్తా. ఇప్పుడే రాసేస్తా. అప్పుడు నీకు యంత్రమే ఉండదు, గార్డు గొడవే ఉండదు. హాయిగా అట్టపెట్టెలు మడుచుకో."

"ఆరో ప్రెస్ మీద ఎవరు కూర్చుంటారు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరికి వేళ్లుండవా?"

"అబ్బబ్బ. ఆ ప్రెస్ మీద కూర్చునే మిగతావాళ్లంతా నొక్కారు కదా మారే. వాళ్లకి లేని కళ్లు నీకే ఉన్నాయా?"

"కళ్లున్నాయి. మొహమాటం కూడా ఉంది. పక్కవాడు నొక్కాడు, నేను నొక్కకపోతే ఏమనుకుంటారో అని. నాకూ ఉండేది. ఈ పాఠం విన్నాక పోయింది."

"పాఠం వింటే మొహమాటం పోవడమేంటి?"

"అందులో చెప్పింది కదా. యంత్రం ప్రమాదంగా ఉంటే ఆపమని అడిగే హక్కు మీకుంది అని. నేను హైస్కూలు మధ్యలో మానేసినదాన్ని. హక్కు అని మొదలుపెట్టి నాకెవరూ ఏదీ నేర్పలేదు ఇంతవరకు. మీరు నేర్పారు. ట్యాబ్ కొని, కుర్చీ వేసి మరీ నేర్పారు. ఇప్పుడేమో నేర్చుకోనట్టు నటించమంటారు."

"నేర్పింది ఆ ట్యాబ్. కంపెనీ కాదు."

"ట్యాబ్‌కి డబ్బులు మీ తాతగారు కట్టారా?"

"అరవకు. వంటామె వింటోంది."

"విననీ. ఇంకొకటి చెప్పనా పారే? ఈ పాఠాలు నాకు కావాలి. నీకన్నా, తోలెంతినో కన్నా నాకే ఎక్కువ కావాలి. ఆఖరి పాఠాల్లో ప్రెస్‌కి అచ్చులు మార్చడం, సరిచెయ్యడం నేర్పుతారంట. పన్నెండూ అయితే సెట్టర్ పనికి పరీక్ష పెడతారంట. సెట్టర్‌కి అయిదు నెలల కాంట్రాక్టు ఉండదు. పర్మినెంటు. నాకు తెలీదనుకున్నావా నేనేం పోగొట్టుకుంటున్నానో?"

"మరి తెలిసీ..."

"తెలిసే. అబద్ధం నొక్కి సెట్టర్ అయితే, రేపు నేను సెట్ చేసిన ప్రెస్ మీద ఎవరు కూర్చుంటారు ధైర్యంగా?"

"నన్ను చూడు. నేనూ నీలాగే ప్రెస్ మీంచి వచ్చినవాణ్ణే. పన్నెండు పాఠాలూ మొదటి వారంలోనే ముగించా. నా పేరు పక్కన పచ్చ రంగు చూడు. ఏమైంది నాకు? నిద్ర పట్టట్లేదా? బాగానే పడుతోంది."

"నేనడగలేదు నిద్ర గురించి."

"మాట వరసకి అన్నా. ఇటివ్వు, నీ బదులు నేను నొక్కుతా. పాపం నాది."

"నొక్కు చూద్దాం. ముఖం చూపిస్తే గానీ తెరుచుకోదు. ఆడవాళ్లంతా పక్కవాళ్ల చేత పాఠాలు చేయిస్తున్నారని ఆ ఏర్పాటు పెట్టించింది మీరే."

"అందుకే ముఖం ఇటు తిప్పు."

"తిప్పను."

"తువ్వాలు తియ్యి ముఖం మీంచి."

"చెమట పట్టింది."

"కళ్లు కనపడితే చాలు."

"కళ్లకీ పట్టింది."

"చిన్నపిల్లవా నువ్వు? ఇటు..."

"లాగకు. లాగావంటే కేక పెడతా. క్యాంటీన్లో ఆడమనిషి ముఖం మీద గుడ్డ లాగాడని. మీ ఆవిడ మా పక్కింట్లోనే ఉంటుంది, గుర్తుంచుకో."

"యేసు మరియా. సరే, గుర్తింపు కార్డు ఇటివ్వు. దాని మీద ఫొటో ఉంది."

"తీసుకో. నాకేం అభ్యంతరం లేదు."

"దయచేసి బతికున్న మనిషి ముఖం చూపించండి."

"చూశావా? ఆ ఫొటో రెండు షిఫ్టులు వరసగా చేసి దిగినప్పటిది. దానికీ తెలిసిపోయింది."

"ఉండు, కొంచెం వాల్చి పెడతా."

"దయచేసి బతికున్న మనిషి..."

"కింద ఏదో రాసింది. ఏంటది? చీమలు పాకినట్టుంది. కళ్లద్దాలు పైన వదిలేసొచ్చా."

"దగ్గర పెట్టుకుని చదువుకో. నేను చదివి పెట్టను."

"దయ... చేసి... కెమెరా..."

"స్వాగతం, నెస్తోర్. మళ్లీ వచ్చినందుకు సంతోషం."

"అరె. నేను కాదు. ఇది ఎట్లా మూసెయ్యాలి?"

"మీరు మూడో పాఠంలో ఉన్నారు. మీ చివరి జవాబు: లేదు."

"...ఏమంది?"

"ఏమీ అనలేదు."

"పారే, ఏమందది?"

"పాత ట్యాబ్. దీనికి మతి పోయింది. నా పాఠాలు నీకు, నీ పాఠాలు నాకు కలిపేసి..."

"మీరు ఈ ప్రశ్నకు నిన్న సాయంత్రం జవాబిచ్చారు. గార్డు బిగించాక మళ్లీ రండి."

"నిన్న సాయంత్రం. గోడ మీద నీ పేరుకి పచ్చ రంగు ఉంది కదా."

"స్కెచ్ పెన్ను నా దగ్గరే ఉంటుంది."

"నువ్వే వేసుకున్నావా?"

"నేనే వేసుకున్నా. మెల్లిగా మాట్లాడు."

"నిన్న ఒక్కరోజేనా?"

"నిన్నా. అంతకు ముందూ. రోజూ అందరూ వెళ్లాక కూర్చుంటా. ఇవాళ పచ్చది నొక్కేద్దాం, అయిపోద్ది అనే కూర్చుంటా. వేలు పచ్చదాని మీదికి పోదు మారే. ఆ బోల్టులు విప్పింది నేను. తోలెంతినో విప్పమన్నాడు, నేను విప్పా. ఆ పిల్ల గ్లవ్ ముక్క తీసింది కూడా నేనే. తీసేటప్పుడు వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూశా. లోపల మెత్తగా ఏమైనా తగుల్తుందేమోనని. ఏమీ తగల్లేదు. ఖాళీ."

"మరి పొద్దున్నించీ నన్నెందుకు పీక్కు తింటున్నావు?"

"నీది పచ్చ అయితే లైనంతా పచ్చ. ఇక సూపర్‌వైజర్ల లెక్క ఎవడూ విప్పి చూడడు. ఆలోపు ఏదో ఒకటి... ఏదో ఒకటి అవుద్దిలే అని."

"అంటే నీ ఎరుపు కప్పుకోడానికి నా చేత పచ్చ నొక్కిస్తున్నావు."

"అలా అనకు."

"ఎలా అనాలి? నువ్వే చెప్పు, అలాగే అంటా."

"...అలాగే అను."

"ఆ గార్డు పాత ఇనప కొట్టుకి వెళ్లిపోయిందని చెప్పారు మాకు."

"పంపమన్నారు."

"పంపావా?"

"నా లాకర్లో ఉంది. దాని మూలంగా నా అన్నం డబ్బాకి చోటు లేక, తీసుకెళ్లి వాచ్‌మన్ గదిలో పెట్టుకుంటున్నా. ఆ ముసలాడు నా చేప ముక్కలు తినేస్తున్నాడు."

"మరి బోల్టులు?"

"గుడ్డలో కట్టి పెట్టా. తుప్పు పట్టకుండా నూనె రాసి."

"నూనె రాసి పెట్టుకున్నావు గానీ బిగించలేదు."

"బిగిస్తే మొట్టమొదట పోయేది నా పని."

"బిగించకపోతే మొట్టమొదట పోయేది నాది. సాయంత్రానికే."

"తెలుసు."

"నీ జేబులో ఫోను మోగుతోంది."

"వినపడుతోంది."

"తోలెంతినోనా?"

"ఇంకెవరు? నొక్కావా లేదా అని."

"ఏం చెప్తావ్?"

"ముందా తువ్వాలు తియ్యి, ఊపిరాడక పోతావ్... హలో. ఆ, సార్. ఇక్కడే ఉంది సార్ దెలిసా. నొక్కుతుంది సార్, పచ్చదే నొక్కుతుంది. నాది కూడా మిగిలింది, నేనూ నొక్కుతా. ఒక గంట పడుతుంది... లేదు సార్, నెట్టు బాగానే వస్తోంది. ఆరో ప్రెస్ ఆపేసి ముందు గార్డు బిగించాలి కదా, ఆ గంట దానికే."