మక్కచేన్ల హెల్మెటోడు

ఎల్లారెడ్డి దగ్గరి మక్కచేనులో, తొలి పరీక్షకు ఎగిరిన సరిహద్దు నిఘా డ్రోను కూలిపోయింది. ముక్కలు ఏరుకుంటున్న ఇంజనీరు, ఆ చేను గల ముసలమ్మను నిలదీశాడు.

“అవ్వా, నీ చేన్ల ఎవడో కట్టె పట్టుకొని నిలబడ్డడు. మా కెమెరాల పడ్డడు. ఎవడు వాడు?”

“ఏం జేసిండు సారూ?”

“రెండు గంటలు కదలలే. అనుమానమొచ్చి డ్రోను కిందికి దిగి చూసింది. వాడు కట్టెతోని కొట్టి పడగొట్టిండు. రిపోర్టుల గట్లనే రాసిన. సాక్షిగ నువ్వు వేలుముద్ర ఎయ్యి.”

“అంగి ఏ రంగుది?”

“ఎర్రది. నెత్తికి నల్ల హెల్మెట్ గూడ పెట్టుకున్నడు.”

“అది హెల్మెట్ కాదు సారూ, కుండ. వెనక్కి తిరిగి చూడు. మా ముసలోని పాత అంగి తొడిగి నేనే నిలబెట్టిన. కోతుల కోసం పెట్టిన బెదురుబొమ్మ.”

“అవ్వా... గీ ముచ్చట ఎవరికీ చెప్పకు.”

“నేనెందుకు చెప్త? గని, సరిహద్దుల దొంగలను పట్టేటిది గిదేనా?”

“గిదే.”

“మా కోతులు ఆ బొమ్మకు రెండు దినాలే భయపడ్డయి. మూడో దినం దాని నెత్తి మీద కూసొని కంకులు తిన్నయి. సరిహద్దుకు వాటిని తోల్కపో, సారూ.”