ఇటలీకి చేరాల్సిన డబ్బు

మియాపూర్‌లో అద్దె ఇల్లు. ఆదివారం పొద్దున టిఫిన్ల దగ్గర, పుప్పాలగూడలో కొనబోయే ఫ్లాటు ప్లాను ముందేసుకుని చైతన్య, భార్య నీహారిక, తల్లి భ్రమరాంబ.

"ఈశాన్యంలో చెప్పుల స్టాండేమిటమ్మాయ్? అక్కడ దేవుణ్ణి పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను!"

"గుమ్మం అక్కడే ఉంది అత్తయ్యా. పుప్పాలగూడ ఫ్లాట్లన్నీ అంతే. దేవుడి ఎదురుగా చెప్పులు విప్పుతామా?"

"నువ్వు చెప్పరా చైతన్యా."

"ఏదైనా ఒకటేనమ్మా."

"వారం నుంచీ ఇదే మాట. చట్నీ వెయ్యనా అన్నా ఇదే."

"ఆయన మనసంతా ఇటలీలో ఉంది అత్తయ్యా."

"వీడి వ్యాపారానికి కాఫీ మిషన్లు పంపినవాళ్ళా? వాళ్ళకి కట్టేశాడుగా?"

"కట్టారు. దొంగల ఖాతాలోకి."

"నీహారికా..."

"ఎన్నాళ్ళు దాస్తారండీ? బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇక్కడికి పంపండి అని వాళ్ళ పేరుతో ఎవడో మెయిల్ పెట్టాడు అత్తయ్యా. ఈయన పంపేశారు."

"అయ్యో! మరి పోలీసులు?"

"ఫిర్యాదు తీసుకున్నారమ్మా. అప్పటికే ఖాతా ఖాళీ."

"ఇటలీవాళ్ళేమంటారు?"

"మాకు చేరలేదు, కట్టమంటారు."

"రెండోసారా! వాళ్ళ మెయిల్లోకి దొంగలు దూరితే మన తప్పా? ఎందుకు కట్టాలండీ?"

"మిషన్లు పంపారు. బాగున్నాయి. ఆఫీసుల్లో జనం వాటి కాఫీయే తాగుతున్నారు. సరుకు తీసుకున్నాక డబ్బు వాళ్ళకి చేరాలి. ఇంకెవరికో పంపితే కట్టినట్టు కాదు."

"లాయరు పోరాడొచ్చన్నాడుగా."

"గెలుస్తామనలేదు. ఖాతా మారితే ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపాలని కాంట్రాక్టులో ఉంది. నేనే రాయించాను."

"రాయించి, ఫోనెందుకు చెయ్యలేదు?"

"చేశాను. ఆ రోజు వాళ్ళకి సెలవు. ఎవరూ ఎత్తలేదు."

"మర్నాడు చెయ్యాల్సింది."

"చెయ్యాల్సింది."

"మరి?"

"ఇడ్లీ చాలు. ఇంక వెయ్యకు."

"మాట మార్చకండి."

"మర్నాడు శుక్రవారం."

"శుక్రవారమైతే ఏంరా?"

"ఏం లేదమ్మా."

"శుక్రవారం ఇంట్లోంచి డబ్బు పోకూడదు, ఈ రాత్రికే పంపెయ్యమని... నేనే కదరా నీ వెంటపడ్డాను?"

"చెప్పింది నువ్వు. పంపింది నేను."

"అందుకా, నాకు చెప్పలేదు?"

"చల్లారిపోతున్నాయి, తినమ్మా."

"నా మీద కోపం రాలేదురా?"

"ఏమీ రావట్లేదమ్మా."

"ఊరుకోండి అత్తయ్యా, కళ్ళు తుడుచుకోండి. చూడండీ, ఇటలీకి మళ్ళీ కడితే ఫ్లాటుకేమీ మిగలదు. ఇవాళే లాయరుతో మాట్లాడండి. కేసు వేస్తామని చెప్పండి."

"వద్దు."

"వద్దంటే? రేపు బిల్డరుకి ఏం చెప్తారు?"

"ఇద్దరూ వినండి. బిల్డరుతో పోయిన వారమే మాట్లాడాను. ఆ ఫ్లాటు వేరేవాళ్ళు తీసుకున్నారు. తిరిగొచ్చిన అడ్వాన్సూ, ఫ్లాటుకని దాచిందీ కలిపి ఇటలీకి పంపేశాను, అందిందని ఫోన్లో చెప్పారు. ఇంకో రెండేళ్ళు ఈ ఇంట్లోనే ఉంటాం."